ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంది?

మా కనిగిరి వానల కోసం ఎదురుచూసే ఊరు. ఎర్రనేల, పక్కనే కొండ, బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు. మా వైపు కరువు మాట వస్తే ముందు గుర్తొచ్చే పేర్లలో మాదీ ఒకటి. బూజు జాతికి, అంటే శిలీంధ్రాలకి, బతకడానికి కావాల్సిందేమో తడి. మరి తడే కరువైన ఊళ్ళో, పెరట్లో బచ్చలాకు మీద ఎర్ర అంచు మచ్చలు, మిరపాకు మీద కప్పకన్ను లాంటి చుక్కలు, గులాబీ ఆకు మీద సిరా చిందినట్టు నల్లటి మరకలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? జవాబు సగం ఆకాశంలో ఉంది, సగం మన చేతిలో ఉన్న నీళ్ళ పైపులో ఉంది.

హాస్టల్లో ఉండే మనకి ఇదంతా ఎందుకు అంటారా? మీలో చాలామందికి ఇంటి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఆకు ఫోటో వచ్చే ఉంటుంది. "ఏరా, బీటెక్ చదువుతున్నావుగా, ఈ మచ్చలేంటో కాస్త చూసి చెప్పు" అని. మనం ఆ ఫోటోని లెన్స్‌లో పెడతాం. అది ఏదో అమెరికా వెబ్‌సైట్ చూపిస్తుంది. అందులో రాసిన మందు మన ఊరి షాపులో దొరకదు. ఈలోపు పత్తి, మిరప పండించే ఇళ్ళలో ఇంకో దారి రెడీగా ఉంటుంది: కొట్టంలో సగం మిగిలిన మందు డబ్బా. పొలానికి కొట్టగా మిగిలింది కదా, పనిలో పనిగా పెరట్లో కూడా కొట్టేస్తే పోలా అనుకుంటారు.

అసలు ఇబ్బంది ఇక్కడే. పొలం మందు డబ్బా మీద, కొట్టిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోత కోయాలి అని రాసి ఉంటుంది. మిరపచేలో ఆ లెక్క ఎంతోకొంత పాటించొచ్చు. పెరట్లో అలా కుదరదు. ఈరోజు సాయంత్రం మందు పడిన తోటకూర రేపు పొద్దున పప్పులోకి వస్తుంది. పైగా కొన్ని ఇళ్ళలో కలుపు మందుకీ, తెగులు మందుకీ ఒకటే స్ప్రేయర్. కాబట్టి పెరటి మొక్కలకి సేంద్రియ పద్ధతి అనేది మా వైపు ఫ్యాషన్ కోసం చెప్పే మాట కాదు. కంచంలోకి ఏం వస్తోంది అనే ప్రశ్న.

ముందు అది తెగులో కాదో తేల్చుకోవాలి. రైతులు పురుగు, తెగులు అని రెండు మాటలు వాడతారు, ఆ తేడా చాలా ముఖ్యం. మిరపాకు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని, కిందికి ముడుచుకుంటే నల్లి పని. ఈ రెండిటికీ బూజు మందు కొట్టడం శుద్ధ దండగ. శిలీంధ్రం మచ్చ సాధారణంగా గుండ్రంగా ఉంటుంది. అంచు ముదురు రంగు, మధ్యలో బూడిద రంగు లేదా తెలుపు. మిరపలో వచ్చే సెర్కోస్పోరా మచ్చ అచ్చం ఇలాగే ఉంటుంది, కొన్నాళ్ళకి మధ్యభాగం ఎండి రాలిపోయి ఆకుకి చిల్లు పడుతుంది. టమాటాలో ఆల్టర్నేరియా మచ్చ అయితే లోపల వలయాలుంటాయి, విలువిద్య పోటీల్లో పెట్టే టార్గెట్ బోర్డులాగా. అది ముందు కింది ముదురు ఆకుల మీదే మొదలవుతుంది. మచ్చ గుండ్రంగా కాకుండా ఈనెల మధ్య ఇరుక్కుని కోణాలు కోణాలుగా, నీళ్ళు ఇంకినట్టు ఉంటే బాక్టీరియా అని అనుమానించాలి. పత్తి రైతులకి తెలిసిన నల్లమచ్చ తెగులు ఆ బాపతే. ఫోటో పంపమన్నప్పుడు ఆకు పైభాగం, అడుగుభాగం రెండూ తీసి పంపమనండి. సగం సమాచారం అడుగునే ఉంటుంది.

ఇప్పుడు మన సబ్జెక్ట్‌లోకి వద్దాం. మొక్కల తెగుళ్ళ శాస్త్రంలో మొదటి పాఠం ఒక త్రిభుజం: తెగులు తగిలే మొక్క, తెగులు కలిగించే శిలీంధ్రం, దానికి అనుకూలమైన వాతావరణం. నాకైతే అది మూడు ఇన్‌పుట్లున్న యాండ్ గేట్‌లా కనిపిస్తుంది. మూడూ 1 అయితేనే అవుట్‌పుట్ 1. ఏ ఒక్కటి 0 చేసినా తెగులు రాదు. మొక్కని మార్చలేం, మనకి కావాల్సింది టమాటానే కదా. శిలీంధ్రం సిద్ధబీజాలు, అంటే స్పోర్లు, గాలిలో, మట్టిలో, రాలిన ఆకుల్లో ఎప్పుడూ ఉంటాయి. వాటిని తగ్గించొచ్చు కానీ సున్నా చెయ్యలేం. మిగిలింది మూడో ఇన్‌పుట్. అందులోనూ వేడిమి మన చేతిలో లేదు. తడి మాత్రం ఉంది.

స్పోర్ ఆకు మీద పడగానే తెగులు రాదు. మొలకెత్తాలి, ఆకు పొరని చీల్చుకుని లోపలికి దిగాలి. దానికి కొన్ని గంటల పాటు ఆగకుండా తడి కావాలి. గులాబీ నల్లమచ్చ తెగులుకి కనీసం 7 గంటలు ఆకు తడిగానే ఉండాలి. ఆరో గంటలో ఆకు ఆరిపోతే ఆ స్పోర్ కథ చాలావరకు అక్కడితో సరి.

ఈ గంటల లెక్కని ఆధారంగా చేసుకుని 1978లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో టమాటా ఆల్టర్నేరియా తెగులుని ముందే అంచనా వేసే ఒక పద్ధతి తయారు చేశారు. పేరు ఫాస్ట్. తర్వాత కెనడాలోని ఒంటారియోలో రాన్ పిట్‌బ్లాడో దాన్ని ఇంకా సులువు చేసి టామ్‌కాస్ట్ అన్నారు. లోపల ఉన్నది చూస్తే మనం ఫస్టియర్లో రాసిన ప్రోగ్రాం కన్నా చిన్నది. ఒక టూ డైమెన్షనల్ యారే, అంతే. ఒకవైపు ఆకు తడిగా ఉన్న గంటలు, ఇంకోవైపు ఆ గంటల్లో సగటు ఉష్ణోగ్రత. రెండూ ఇస్తే ఆ రోజుకి 0 నుంచి 4 దాకా ఒక మార్కు వస్తుంది. ఉష్ణోగ్రత 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉందనుకోండి. తడి 2 గంటల్లోపే అయితే 0. 3 నుంచి 5 గంటలైతే 1. 6 నుంచి 12 అయితే 2. 13 నుంచి 20 అయితే 3. అది కూడా దాటితే 4. అదే 6 గంటల తడి 13 నుంచి 17 డిగ్రీల చలిలో అయితే 0 మాత్రమే. రోజూ వచ్చే మార్కులు కూడుకుంటూ పోతారు. మొత్తం 15 నుంచి 20 మధ్యకి చేరితే మందు కొట్టే టైమ్ వచ్చినట్టు. కొట్టాక కౌంటర్ మళ్ళీ సున్నా.

దీన్ని మా ఊరి నవంబర్ రాత్రికి పెట్టి చూద్దాం. వాన పడి వెలిసింది, గాలి లేదు, రాత్రి 22, 23 డిగ్రీలు. సాయంత్రం 6 గంటలకి పైపు పట్టుకుని మొక్కంతా తడిపారు. ఎండ లేదు కాబట్టి ఆ తడి ఆరదు, దాని మీదే మంచు పడుతుంది, పొద్దున 8కి గానీ ఆకు పొడి అవదు. మొత్తం 14 గంటలు, మార్కు 3. ఐదు సాయంత్రాలు ఇలా తడిపితే 15. ఇప్పుడు అదే మొక్కకి పొద్దున పూట మొదట్లో మాత్రమే నీళ్ళు పోశారు, ఆకు తడవలేదు. తెల్లవారుజామున పడ్డ మంచు తడి ఒక 4 గంటలు. మార్కు 1. 15కి చేరడానికి 15 రోజులు పడుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా, నీళ్ళు పోసే టైమ్ మార్చినందుకు పది రోజులు కలిసొచ్చాయి. ఒంటారియో టమాటా తోటల కోసం కట్టిన పట్టిక ఇది, మా పెరట్లో అంకెకి అంకె సరిపోవాలని లేదు. కానీ తేడా ఎటువైపు ఉందో చెప్పడానికి ఇది చాలు.

సాయంత్రం నీళ్ళు పోయడం వెనక ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేం. ఎండాకాలంలో మా వైపు పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఆవిరైపోతాయి. అప్పుడు సాయంత్రమే మేలు. ఏప్రిల్, మే నెలల్లో గాలి అంత పొడిగా ఉంటుంది కాబట్టి ఆకుమచ్చ భయం పెద్దగా లేదు. అలవాటు మార్చుకోవాల్సింది అక్టోబర్ నుంచి జనవరి దాకా. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, తర్వాత మంచు, అన్నీ మాకు ఆ నాలుగు నెలల్లోనే. ఏ కాలమైనా సరే, నీళ్ళు ఆకు మీద కాకుండా మొదట్లో పొయ్యాలి. నీళ్ళకి కటకటలాడే ఊళ్ళో ఇది రెండు విధాలా లాభం. పాత వాటర్ బాటిల్ మూతకి సన్నటి చిల్లు పెట్టి, తలకిందులుగా కుండీలో గుచ్చితే అదే మన డ్రిప్.

ఇంకో విషయం లేటెన్సీ. శిలీంధ్రం ఆకులోకి దిగిన రోజే మచ్చ కనపడదు. ఆల్టర్నేరియాకి దాదాపు వారం పడుతుంది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వాన తర్వాత మచ్చలు బయటపడేది డిసెంబర్ 10, 12 తేదీల్లో. అప్పుడు "ఎండ బాగానే కాస్తోంది కదా, ఈ మచ్చలేంటి" అని ఆశ్చర్యపోతాం. లోపలికి దిగడం అనేది వానలోనే అయిపోయింది, మనకి లాగ్ ఫైల్ వారం ఆలస్యంగా కనిపించింది. అందుకే కిందకొచ్చే సేంద్రియ మందులన్నిటికీ ఒకటే షరతు: అవి మచ్చ పడిన ఆకుని బాగు చెయ్యవు. మచ్చ పడని ఆకుకి తొడుగులా పనిచేస్తాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, వానకి ఒకరోజు ముందు కొట్టిన దానికీ, మచ్చలు చూశాక కొట్టిన దానికీ చాలా తేడా ఉంటుంది.

మందుల కన్నా ముందు చేత్తో చేసే పనులున్నాయి. పెద్ద వాన వెలిశాక టమాటా మొక్క కింది ఆకుల్ని చూడండి, జానెడు ఎత్తు దాకా ఎర్రమట్టి చిమ్మి ఉంటుంది. ఆ మట్టితో పాటే స్పోర్లూ ఎక్కుతాయి. మట్టి మరక ఎంత ఎత్తు దాకా ఉందో మచ్చలు ముందు అక్కడే వస్తాయి. కాబట్టి మొక్క ఒక మూర ఎదిగాక అడుగున ఉన్న ఆకుల్ని తుంచెయ్యాలి. మొదట్లో వేరుశనగ పొట్టో, వరిగడ్డో, ఎండుటాకులో రెండంగుళాల మందాన పరవాలి. వాన చినుకు మట్టికి తగలకపోతే మట్టి ఎగరదు. మచ్చలున్న ఆకుల్ని పొడిగా ఉన్నప్పుడే తుంచాలి, తడి మీద ముట్టుకుంటే మన చేతులే స్పోర్లని పక్క మొక్కకి మోస్తాయి. తుంచినవాటిని అక్కడే పాదులో పడెయ్యకండి. పెరటి ఎరువు గుంతలో సరిపడా వేడి పుట్టదు, అందులో శిలీంధ్రం చావకపోవచ్చు. దూరంగా లోతుగా పూడ్చడం మంచిది. ఇక కుండీలు. మేడ మీద జాగా ఉండి కూడా అన్నీ ఒకచోట కుక్కి పెడతాం, చూడ్డానికి పచ్చగా ఉంటుందని. వాటి మధ్య గాలి ఆడదు, ఆకు ఆరదు.

బూడిద తెగులు మాత్రం ఈ లెక్కకి లొంగదు. ఆకు మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే అదే. మిరపలో అయితే తెల్ల పొడి ఆకు అడుగున ఉంటుంది, పైన పసుపు మరకలు కనిపిస్తాయి. దీని స్పోర్లకి ఆకు తడవాల్సిన పని లేదు. పొడి పగళ్ళు, చల్లటి రాత్రులు చాలు, అందుకే వానలు ఆగాక వస్తుంది. వంటింటి వైద్యం బాగా పనిచేసేది కూడా దీని మీదే. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త 1999లో ప్రచురించిన ప్రయోగంలో, గుమ్మడి జాతికి చెందిన జుకీనీ మొక్కల మీద పచ్చిపాలు కలిపిన నీళ్ళు వారం వారం కొట్టారు. 10 శాతం, ఆపైన పాలు ఉన్న ద్రావణం రసాయన మందులకి తీసిపోకుండా పనిచేసింది. మన ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు వాడే పుల్లటి మజ్జిగ కూడా ఇలాంటిదే. నాలుగైదు రోజులు పులియబెట్టి, వడకట్టి, లీటరు నీళ్ళకి 50 మిల్లీలీటర్ల చొప్పున కలిపి కొడతారు. వడకట్టకపోతే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది, తర్వాత తిట్లు మీకే. నా అభిప్రాయం ఏంటంటే, బూడిద తెగులుకి మజ్జిగ నమ్మొచ్చు, గుండ్రటి ఆకుమచ్చలకి దాని మీదే ఆధారపడకూడదు.

వంటసోడా సంగతి ఇంటర్నెట్‌లో ప్రతిచోటా కనిపిస్తుంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో గులాబీల మీద వంటసోడా, నూనె కలిపి చేసిన ప్రయోగాల ఫలితాలు 1992లో వచ్చాయి, బూడిద తెగులూ నల్లమచ్చా రెండూ తగ్గాయి. కానీ వంటసోడా అంటే సోడియం. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళలో మామూలుగా సోడియం, బైకార్బొనేట్ కూడా ఎక్కువే. ఇప్పటికే ఆ నీళ్ళు తాగుతున్న కుండీ మట్టిలోకి ఇంకా సోడియం పంపితే మట్టి గట్టిపడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. మా ఊరివాళ్ళకి నేనైతే దీన్ని చెప్పను.

నిజంగా గుండ్రటి ఆకుమచ్చల మీద పనిచేసే పాత మందు బోర్డో మిశ్రమం. దీని కథ బాగుంటుంది. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర ద్రాక్షతోటల వాళ్ళు, దారినపోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోతున్నారని, రోడ్డు పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలంగా అసహ్యంగా కనపడితే ఎవరూ ముట్టుకోరని. 1882లో పియర్ మిలార్డే అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ అటు వెళ్తూ, లోపలి తీగలన్నీ బూజు తెగులుతో ఆకులు రాల్చేసినా ఆ రోడ్డు పక్కవి మాత్రం పచ్చగా ఉండటం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. దొంగల కోసం పెట్టిన ఫైర్‌వాల్ వైరస్‌ని కూడా ఆపిందన్నమాట.

పెరటికి ఒక లీటరు చాలు. 10 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 10 గ్రాముల సున్నం ఇంకో అర లీటరు నీళ్ళలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి కలుపుతూ పొయ్యాలి. ఇది 1 శాతం. లేత మొక్కలకి చెరో 5 గ్రాములు వేసుకోండి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, లోహపు పాత్ర వద్దు. కలిపాక శుభ్రమైన ఇనుప మేకు ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత పడితే రాగి ఇంకా విడిగా ఉందని అర్థం, ఆకులు మాడతాయి. ఇంకొంచెం సున్నపు తేట కలపాలి. కెమిస్ట్రీలో చదివిన డిస్‌ప్లేస్‌మెంట్ రియాక్షన్ ఇదే. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకోమని ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పండి.

సేంద్రియ వ్యవసాయ నియమాల్లో రాగికి అనుమతి ఉంది, కానీ పరిమితులతో. కారణం, రాగి మట్టిలో విరగదు. కొట్టిన ప్రతిసారీ పోగుపడుతూనే ఉంటుంది, వానపాములకీ చేపలకీ హాని. అందుకని గులాబీకీ, టమాటాకీ, మిరపకీ, అదీ తుపాను ముందు ఒకటి రెండుసార్లు సరే. టమాటా, మిరప కాయలు కాస్తున్న దశలో ఉంటే కోసినవి బాగా కడిగి వాడాలి. ఆకుకూరలకి మాత్రం వద్దే వద్దు. బచ్చలి మీద ఎర్ర అంచు మచ్చలొస్తే చేయాల్సింది ఒకటే, మచ్చలున్న ఆకులు తుంచి పారేసి, తీగని నేల మీద నుంచి లేపి పందిరి ఎక్కించడం. అది అంత మొండిది, మళ్ళీ చిగురేస్తుంది.

జీవ శిలీంధ్రనాశకాల్లో రెండు పేర్లు తరచూ వింటాం. ట్రైకోడెర్మా విరిడె మట్టిలో పనిచేస్తుంది. నారుకుళ్ళు, వేరుకుళ్ళు ఆపడం దాని పని, ఆకు మీద మచ్చలకి దాన్ని కొట్టి ఫలితం లేదనడం అన్యాయం. మాగిన పశువుల ఎరువులో కాస్త వేపపిండితో కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, తడి ఆరకుండా పది పదిహేను రోజులు ఉంచితే ఎరువంతా అది అల్లుకుంటుంది. ఆకుల కోసమైతే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్, లీటరుకి 10 గ్రాములు. ఇవి ప్రాణమున్నవి కాబట్టి ఎక్స్‌పైరీ తేదీ చూడాలి, ఎండ తగ్గాక కొట్టాలి, రాగి మందుతో కలపకూడదు. దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రం మా వైపు వాళ్ళకి దగ్గర. ఆకుని కవర్లో పెట్టుకుని వెళ్ళి చూపించడం లెన్స్ కన్నా నయం.

మే నెల మాకు ఇచ్చే అవకాశం ఒకటుంది. ఖాళీ కుండీల మట్టిని గచ్చు మీద అర అడుగు మందాన పరిచి, బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి పోకుండా రాళ్ళు పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్యండి. నల్ల షీటు వద్దు, పారదర్శకమైన దాని కిందే వేడి ఎక్కువ పుడుతుంది. మట్టిలో ఉన్న శిలీంధ్రాల్లో చాలావరకు ఉడికిపోతాయి, కొంత మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి కాబట్టి తర్వాత ట్రైకోడెర్మా పట్టించిన ఎరువు కలపాలి. పోయినేడు టమాటా ఉన్న కుండీలో ఈసారి మిరప, వంగ వెయ్యొద్దు. మూడూ ఒకే కుటుంబం, కొన్ని తెగుళ్ళు ఉమ్మడి. అందులో గోరుచిక్కుడో బెండో వేసి, టమాటా నారుని వేరే కుండీకి మార్చండి. విత్తనానికి ఉంచే కాయని మచ్చలేని మొక్క నుంచే కోయండి.